కానుకా, చేబదులా?

సభకు జనం రావాలంటే ఏదో ఒకటి పంచిపెట్టాలన్న అభిప్రాయం మన సంస్థలలో బాగా వేళ్ళూనుకొన్నది. పత్రిక నడిపేవారు చందాదారులకు క్యాలెండరు ఇస్తారు. రేడియోవారు ప్రశ్న అడిగి, సరియైన జవాబు చెప్పిన శ్రోతకు చీరయో సినిమా టిక్కెట్టో ఇస్తారు. పాఠశాలలో విజ్ఞాన సంఘం పెట్టిన ఉపాధ్యాయుడు మొదటి సమావేశంలోనే, జవాబు చెప్పినవారికి కలము బహుమతి అని ప్రకటిస్తాడు. గది నిండుతుంది. రెండవ సమావేశానికి కలములు అయిపోతాయి. మూడవ సమావేశానికి సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. పిల్లలకు శాస్త్రమంటే ఆసక్తి లేదని అప్పుడు తీర్పు చెప్పడం సులభమే. కాని అది న్యాయమైన తీర్పు కాకపోవచ్చును. కలము కొరకు వచ్చినవారు కలము లేనిచోటికి ఎందుకు వస్తారు?

ఈ చిన్న ప్రశ్న వెనుక అర్ధ శతాబ్దానికి పైబడిన ప్రయోగాలు ఉన్నవి. అయితే దానిని ప్రయోగశాలలోనే గాక పొలం గట్టున కూడ పరిశీలించడానికి తెలుగునాట ఒక మంచి తావు ఉన్నది. అది జహీరాబాద్ ప్రాంతం.

జహీరాబాద్ హైదరాబాదు నుండి ముంబయికి పోయే జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. పూర్వం మెదక్ జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. చుట్టూ ఎర్రని చెల్కలు, అక్కడక్కడ నల్లరేగడి. నీటి వసతి ఉన్నచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ పండిస్తారు. వానమీదనే ఆధారపడిన చెల్కలలో జొన్న, కొర్ర, సామ, తైద, కంది, పెసర వంటివి కలిపి విత్తే అలవాటు పాతది. పట్టణం పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తున్నది. సుమారు 75 గ్రామాలలో స్త్రీల సంఘాలు ఏర్పడినవి. సభ్యులలో అత్యధికులు దళిత కుటుంబాలకు చెందిన చిన్న రైతులు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి కూడ ఈ సంస్థకు లభించినది. సంస్థ గుణదోషాలన్నీ ఇక్కడ విచారించడం ఉద్దేశం కాదు. ఈ సంఘాలు విత్తనాన్ని ఇచ్చే పద్ధతి ఎట్టిది, ఆ పద్ధతి వలన తీసికొన్నవారిలో ఏమి మార్పు కలుగుతుంది అన్నంతవరకే విషయం.

సంఘం విత్తనాన్ని ఊరక ఇవ్వదు, అమ్మదు. బదులు ఇస్తుంది. ఒక పాలు తీసికొన్న స్త్రీ పంట చేతికి వచ్చిన తరువాత ఒకటిన్నర పాళ్ళు గాని, రెండు పాళ్ళు గాని తిరిగి తెచ్చి సంఘం గింజలలో కలపాలి. ఆ గింజలే మరుసటి ఏడు మరొకరికి పోతాయి. పద్ధతి ఇంతే. కాగితం మీద దీనిని కొంచెం లెక్కించి చూడండి. ఒక్క సేరుతో మొదలుపెట్టి, తిరిగి వచ్చినదంతా మళ్ళీ బదులు ఇస్తూ పోతే, రెండింతల చొప్పున పదవ పంట నాటికి 1024 సేర్లు అవుతుంది. ఒకటిన్నర చొప్పుననైతే 57 సేర్లకు పైచిలుకు. నిజానికి ఇంత కాదు. ఒక ఏడు వాన తప్పుతుంది, ఒక ఇంట గింజ కుండలోకి పోతుంది, ఒకచోట పురుగు తింటుంది. ఐనను గుణశ్రేఢి స్వభావం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఉచితంగా పంచే పొట్లాల విషయంలో ఈ శ్రేఢి లేదు. 1024 మందికి ఇవ్వాలంటే 1024 పొట్లాలు కొనవలసినదే. మరుసటి ఏడు మళ్ళీ కొనవలసినదే.

రెండింతలు తిరిగి ఇవ్వడం భారం కాదా అన్న సందేహం రావడం సహజం. తెలుగు పల్లెలలో గింజల మీద వడ్డీ కొత్త సంగతి కాదు. నాగు పేరుతో షావుకారు వానకాలం మొదట ధాన్యం ఇచ్చి, కల్లం మీదనే ఒకటికి ఒకటిన్నర కొలిపించుకొన్న రోజులు పెద్దలకు తెలియనివి కావు. సంఘం లెక్క చూస్తే అదే లెక్క. తేడా గణితంలో లేదు. నాగులో పెరిగిన సగం షావుకారు గాదెలో చేరేది. ఇక్కడ అది అప్పు తీసికొన్న స్త్రీ కూడ భాగస్వామిగా ఉన్న గాదెలోనే చేరుతుంది. ఇంకొక తేడా కూడ గమనింపదగినది. నాగు ప్రధానంగా తిండి కొరకు చేసిన అప్పు. తిన్న గింజ పెరగదు. విత్తిన గింజ పెరుగుతుంది. ఒక జొన్న కంకిలో గింజలు వందలకొలది ఉంటాయి గనుక, విత్తినదానికి రెండింతలు ఇచ్చినా పండిన పంటలో అది స్వల్పభాగమే. పంట పూర్తిగా పోయిన ఏడు మాత్రం ఈ మాట చెల్లదు.

ఇక అసలు విషయం. తిరిగి వచ్చిన గింజ ఒక విధమైన ఉత్తరం వంటిది. అది చేరినదంటే ఆ స్త్రీ విత్తినదన్నమాట, కలుపు తీసినదన్నమాట, మంచి కంకిని ఎన్నుకొన్నదన్నమాట, ఎండబెట్టి, పురుగు పట్టకుండా దాచినదన్నమాట. ఇందులో ఏ ఒక్కటి తప్పినా విత్తనానికి పనికివచ్చే గింజ తిరిగి రాదు. విత్తనశాస్త్రంలో హారింగ్‌టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి పేర ఒక స్థూలసూత్రం ఉన్నది. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గినప్పుడెల్ల దాని నిలవ కాలం రెండింతలవుతుంది. నిలవ ఉంచిన చోటి వేడి 5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గినప్పుడెల్ల కూడ అంతే. మరీ ఎండిన గింజలకు, మరీ తడి గింజలకు ఈ సూత్రం వర్తించదు. గింజను పంటికింద కొరికి, టక్కుమన్న శబ్దాన్నిబట్టి ఆరినదీ లేనిదీ చెప్పే ముసలమ్మకు హారింగ్‌టన్ పేరు తెలియనక్కరలేదు. ఆమె బూడిద కలుపుతుంది. బూడిద పొడి పురుగు ఒంటిమీది మైనపు పొరను గీరి, దాని శరీరంలోని తేమను పోగొడుతుంది. వేపాకు వేస్తుంది, వేపలోని అజాడిరాక్టిన్ మొదలైన ద్రవ్యాలు పురుగులకు తిండి మీద ఇచ్ఛను చంపి, వాటి పెరుగుదలను చెరుపుతాయి. బదులు తీసికొన్న పడుచు ఈ పనులు నేర్చుకొనక తప్పదు. బదులు తీర్చాలన్న నియమంలోనే ఆమె చదువు ఇమిడి ఉన్నది.

ఉచితపు పొట్లంలో ఈ చదువు ఉండదని అనడం తొందరపాటు. ప్రభుత్వాలు కొత్త రకాలను రైతులకు పరిచయం చేయడానికి మినికిట్లు అనే చిన్న సంచులను పంచే పద్ధతి చాలాకాలంగా ఉన్నది. కొత్త రకాన్ని పది గుంటలలో వేసి చూడడానికి అవి ఉపకరిస్తాయి. స్వయంపరాగ రకమైతే రైతు దాని విత్తనాన్ని దాచుకోవచ్చును కూడ. చిక్కు అంతా పొట్లంలో ఉన్నది సంకర విత్తనం అయినప్పుడు వస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థులు మెండెల్ బఠానీల పాఠం చదివి ఉంటారు. వేరువేరు శుద్ధవంశాలను సంకరం చేసినప్పుడు మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా, పుష్టిగా ఉంటాయి. 1964లో విడుదలైన సి.యస్.హెచ్.-1 దేశంలో జొన్న సంకర రకాలకు ఆద్యం; అది దిగుబడిని పెంచిన మాట నిజం. కాని ఆ పంట గింజనే మళ్ళీ విత్తితే రెండవ తరంలో లక్షణాలు విడిపోతాయి. ఒక్కొక్క జన్యువు జంటలో మిశ్రమంగా ఉన్నవి తరానికి సగం చొప్పున తగ్గిపోతాయి: సగం, పాతిక, అరపాతిక. పొలంలో పొట్టివీ పొడుగువీ కలిసి లేస్తాయి, పుష్టి తగ్గుతుంది. కనుక సంకర విత్తనాన్ని బదులు ఇచ్చి బదులు తీసికొనడం సాగదు. ఉచితంగా ఇచ్చిన మొదటి సంచి రెండవ సంచి కొనుగోలుకు దారి వేస్తుంది. ఇది ఎవరి కుట్రా కాదు, జన్యుశాస్త్రం. ఐనను ఇచ్చేవారు దానిని ఎరిగి, తీసికొనేవారు ఎరగని పక్షంలో కానుక అన్న మాటకు అర్థం మారిపోతుంది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే, పంచుకొనే హక్కును గుర్తించినది; రక్షణ పొందిన రకాన్ని ముద్రవేసిన సంచిలో అమ్మడం మాత్రం కూడదు. హక్కు ఉన్నంత మాత్రాన మెండెల్ నియమం మారదు గదా!

ఇప్పుడు కలముల దగ్గరకు తిరిగి వద్దాం. బహుమతి ఇచ్చినప్పుడు మనసులో ఏమి జరుగుతుందన్న ప్రశ్నను 1971లో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక చెక్కముక్కల ఆటతో పరిశీలించినాడు. కళాశాల విద్యార్థులను రెండు జట్లు చేసి, మూడుసార్లు పిలిచి, చిక్కుముడి ఆకారాలను కూర్చమన్నాడు. ఒక జట్టుకు రెండవసారి మాత్రం కూర్చిన ఆకారానికి ఒక డాలరు చొప్పున ఇచ్చినాడు. మూడవసారి డబ్బు లేదు. నడుమ కొన్ని నిమిషాలు ఏదో పని ఉన్నట్లు బయటికి పోయి, విద్యార్థులు ఆ వ్యవధిలో తమంతట తాము ఆటను కొనసాగిస్తారా, పక్కనున్న పత్రికలు తిరగవేస్తారా అని చూచినాడు. ఒకసారి డబ్బు పుచ్చుకొన్న జట్టు, డబ్బు లేనప్పుడు మునుపటికన్న తక్కువ సేపు ఆడినది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లోని శిశుపాఠశాలలో చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటయినది. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలనే ఎన్నుకొన్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర, పట్టీ ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పినారు. కొందరికి చెప్పకుండా చివర ఇచ్చినారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత తరగతిలో రంగు కలములు మామూలుగా ఉంచి, ఎవరూ అడగకుండా ఏ పిల్లలు ఎంతసేపు బొమ్మలు వేస్తారో చూచినారు. ఏమీ పొందనివారు తమ కాలంలో నూటికి సుమారు 17 పాళ్ళు, అనుకోకుండా పొందినవారు 18 పాళ్ళు బొమ్మలకు వినియోగించినారు. బేరం కుదుర్చుకొని వేసినవారు 9 పాళ్ళయినా వినియోగించలేదు. చెడుపు చేసినది బహుమతి కాదు, బేరం. అనుకోకుండా వచ్చిన యోగ్యతాపత్రం పిల్లల ఇష్టాన్ని ఏమీ చేయలేదన్నది ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన సంగతి.

ఈ ప్రయోగాలను వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. వాటిలో పాల్గొన్నవారు కొద్దిమంది. 1994లో కామెరాన్, పియర్స్ అనేవారు అంతవరకు జరిగిన అధ్యయనాలను కూడగట్టి, బహుమతుల వలన కలిగే హాని చెప్పుకొన్నంత పెద్దది కాదని వాదించినారు. 1999లో డెసి, కోస్ట్‌నర్, రయన్ 128 ప్రయోగాలను లెక్కలోకి తీసుకొని, ముందుగా చెప్పి ఇచ్చే వస్తురూప బహుమతులు సహజమైన ఆసక్తిని తగ్గిస్తాయనీ, మెచ్చుకోలు మాటలు తగ్గించవనీ సమాధానమిచ్చినారు. ఉభయపక్షాలూ ఒప్పుకొన్న అంశం ఒకటున్నది. మొదటినుండి విసుగు పుట్టించే పనికి బహుమతి ఇస్తే చెడిపోయేదేమీ లేదు; చెడిపోవడానికి అక్కడ ఆసక్తియే లేదు గనుక!

కానుక వలన గొప్ప మేలు జరిగిన సందర్భం కూడ మన దేశంలోనే ఉన్నది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలైనవారు 134 గ్రామాలలో చేసిన పరిశీలన 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. మామూలు ఏర్పాటు మాత్రమే ఉన్న ఊళ్ళలో అన్ని టీకాలూ పూర్తిగా వేయించుకొన్న పసిపిల్లలు నూటికి 6గురు. తప్పక నడిచే టీకా శిబిరం పెట్టిన ఊళ్ళలో 18 మంది. శిబిరంతోపాటు టీకాకు ఒక కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనపు పళ్ళాలు ఇచ్చిన ఊళ్ళలో 39 మంది. పప్పు ఇచ్చినందువల్ల ఒక్కొక్క బిడ్డకు అయ్యే ఖర్చు పెరగకపోగా దాదాపు సగానికి తగ్గినది. నర్సు ఎట్లాగూ రోజంతా కూర్చోవాలి. ఐదుగురు వచ్చినా యాభైమంది వచ్చినా ఆమె జీతం అంతే. ఈ అంకెలు చూచిన తరువాత ‘కానుకలు వ్యర్థం’ అని ఎవరూ అనలేరు. అయితే టీకా ఎట్టి పని? తల్లి బిడ్డను ఎత్తుకొని కొన్నిసార్లు రావడమే కావలసినది. టీకా మందు పనిచేయడానికి తల్లికి రోగనిరోధక శాస్త్రం మీద ఆసక్తి పుట్టనక్కరలేదు. వచ్చి పోతే చాలిన పనులు కొన్ని, వచ్చినవారు తామే చేయవలసిన పనులు కొన్ని. మొదటి జాతికి కిలో పప్పు మంచి ఉపాయం. విజ్ఞాన సంఘం గాని, పత్రిక చదవడం గాని, విత్తనాన్ని కాపాడడం గాని రెండవ జాతికి చెందినవి. చాలామంది నిర్వాహకులు ఈ రెండింటిని కలగాపులగం చేసి, హాజరు పట్టీలో పెరిగిన అంకెను ఆసక్తి అనుకొంటారు.

పత్రికలకు ఈ భ్రమ పాతదే. 1950 ప్రాంతాలలో ప్రవేశరుసుము పుచ్చుకొని పెద్ద మొత్తాలు ఆశచూపే పదాల పోటీలు దేశమంతటా ఎంతగా ప్రబలినవంటే, పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం చేయవలసివచ్చినది. నెలకు బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు, పోటీకి వచ్చే పూరణలు 2000 మించరాదని అందులో హద్దు పెట్టినారు. ఈ హద్దు జూదపు లక్షణం ఉన్న పోటీలకే గాని, నైపుణ్యంతో గెలిచేవాటికి వర్తించదని 1957లో సుప్రీంకోర్టు వివరించినది. ఒక గడిలో రెండు మాటలు సమానంగా అమరుతున్నప్పుడు గెలుపు భాషాజ్ఞానం వలన వచ్చేది కాదు, పావురం ముక్కుతో పొడవడం వంటిది. ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం విసుగు లేకుండా పొడుస్తుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు 1957లో ప్రచురించిన గ్రంథంలో విస్తారంగా చూపినారు. పావురానికి మీట మీద ఆసక్తి ఉన్నదని ఎవరూ అనరు. దీనికి భిన్నంగా చందమామలోని ఫోటో వ్యాఖ్యల పోటీకి బహుమతి స్వల్పమే. ఐనా జంట ఫోటోలకు జంటగా పొసగే మాటలు వెతకడంలోనే ఆట ఉండినది. బహుమతి రానివారికి కూడ ఆ ఆట మిగిలినది.

జహీరాబాద్ ప్రాంతంలోనే ఇందుకు మరొక ఉదాహరణ సంఘం రేడియో. స్వచ్ఛంద సంస్థలు కూడ సముదాయ రేడియో నడుపవచ్చునని కేంద్రప్రభుత్వం 2006లో అనుమతించినది. ప్రసారశక్తి సాధారణంగా 100 వాట్లకు మించరాదు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానిక ప్రజలు పాల్గొని తయారుచేసినవై ఉండాలి. మాచ్‌నూర్ గ్రామంలోని కేంద్రం నుండి 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్‌జ్ మీద సంఘం రేడియో ప్రసారం మొదలైనది. అంతకు సుమారు పదేళ్ళ క్రితమే, యునెస్కో సహాయంతో, అక్కడ రికార్డింగు గది ఏర్పడినది. అనుమతి లేని ఆ కాలమంతా స్త్రీలు కార్యక్రమాలను క్యాసెట్ల మీద ఎక్కించి, సంఘాల సమావేశాలలో వినిపించేవారు. కేంద్రాన్ని నడిపినవారిలో అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ దేశమంతటా పేరు పొందినారు. సాయంకాలం పనులు ముగిసిన తరువాత రెండు గంటల ప్రసారం. మాట ఆ ప్రాంతపు మాట. విషయం విత్తనం, వంట, వైద్యం, పాట. ఇక్కడ శ్రోతను రప్పించే ఎర ఏదంటే, రేపు తానే మాట్లాడవచ్చునన్నది. పక్కింటి ఆమె గొంతు వినిపించే రేడియోను ఎవరు కట్టివేస్తారు?

ఇది జహీరాబాద్‌లోనే పుట్టిన ఆలోచన కాదు. 1956లో ఆకాశవాణి పూనా కేంద్రం చుట్టుపక్కల ఐదు జిల్లాలలోని సుమారు 150 గ్రామాలలో గ్రామీణ రేడియో గోష్ఠులను నడిపినది. ఊరిలో ఇరవైమంది వరకు కూడి వినడం, విన్నదాన్ని చర్చించడం, తమ ప్రశ్నలను కేంద్రానికి వ్రాయడం, వాటికి తరువాతి కార్యక్రమంలో సమాధానం వినడం. ప్రశ్నకు జవాబు రావడమే అక్కడి బహుమతి. యునెస్కో పక్షాన పాల్ న్యూరాత్ అనే సమాజశాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించి, గోష్ఠులున్న ఊళ్ళలో విషయజ్ఞానం మిగతా ఊళ్ళకన్న చాలా ఎక్కువగా పెరిగినదని తేల్చినాడు.

సంఘాల పద్ధతిని మెచ్చుకొన్నంతలో విమర్శ పూర్తికాదు. ఇరవై ఏళ్ళకు పైబడి ఏటా సంక్రాంతి నాడు మొదలయ్యే పాత పంటల జాతరలో, అలంకరించిన ఎడ్లబండ్లు విత్తనాలను మోసుకొని దాదాపు నెలరోజులు ఊరూరా తిరుగుతాయి. డప్పులు, పాటలు, బుట్టలలో రంగురంగుల గింజలు; చూడముచ్చటగా ఉండే ఏర్పాటు. కాని జాతర స్వభావమే చూపడం. బదులుకు తీసికొన్న స్త్రీ విత్తనంతో చేసే పనికీ, జాతరకు వచ్చినవారు బుట్టవైపు చూడడానికీ మధ్య చాలా దూరం ఉన్నది. బండి మీద ఎన్ని రకాలున్నవో చెప్పే అంకె చెవికి ఇంపుగా ఉంటుంది. ఆ గింజలలో నూటికి ఎన్ని మొలకెత్తుతాయో చెప్పే అంకె అంతకన్న విలువైనది. బుట్టలో ఉన్నంత మాత్రాన విత్తనం బ్రతికి ఉన్నట్లు కాదు. ప్రతి బుట్ట పక్కన తడిగుడ్డలో మొలకలను కూడ పెట్టి చూపితే, చూడవచ్చిన బడిపిల్లలకు లెక్కపెట్టే పని దొరికేది. ‘పాత’ అన్న మాట కూడ కొంత అన్యాయం చేస్తున్నది. కొర్రలు, సామలు పాతవి గనుక కాపాడదగినవి కావు. తక్కువ నీటితో పండి పోషకాలనిస్తాయి గనుక కాపాడదగినవి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది ఆ కారణంచేతనే.

బియ్యం సంగతి కూడ ఇక్కడ చెప్పకతప్పదు. ఈ సంస్థ పుట్టిన 1983లోనే ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినది. అది ఎన్నో ఇళ్ళలో పస్తులు తప్పించినది. దానిని చులకన చేయడం తగదు. కాని చౌకబియ్యం వచ్చిన కొద్దీ జొన్నరొట్టె వెనుకపడి, చెల్కలు బీడు పడినవని సంఘాలవారి వాదం. 1990ల నడుమ వారు బీడు భూములను బాగుచేసి, జొన్న పండించి, ఊరిలోనే నిలవచేసి, ఆ గింజలనే పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చే ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసినారు. సాగుకు సహాయం పొందిన రైతు కొన్నేళ్ళపాటు గింజల రూపంలోనే దానిని తీర్చడం ఇందులోని కీలకం. మళ్ళీ చేబదులే. అయితే ఈ ఏర్పాటు నిలిచేది అందరూ అందరినీ ఎరిగిన ఊరిలో. ఎవరు తెచ్చినారు, ఎవరు తేలేదన్నది వాకిట్లో తెలిసిపోతుంది. పదివేలమంది పాఠకులున్న పత్రికకు, ముఖమెరుగని శ్రోతలున్న రేడియోకు ఇదే నియమాన్ని అట్లాగే అంటించడం కుదరదు. వారు చేయగలిగినది పూనావారు చేసినది: వచ్చిన ప్రశ్నను, పంపినవారి పేరుతో సహా అచ్చువేసి జవాబు చెప్పడం.

పాఠశాల మాత్రం ఊరి వంటిదే. అందరూ అందరికీ తెలుసు. విజ్ఞాన సంఘం కలములకు పెట్టే డబ్బుతో ఒకసారి నాలుగు కిలోల మంచి విత్తనం కొని, పిల్లలకు గుప్పెడు చొప్పున బదులు ఇచ్చి, రెండు గుప్పెళ్ళు తిరిగి తెమ్మనవచ్చును. పెరడు లేని పిల్లలకు బడి ఆవరణలోనే గజం నేల కేటాయిస్తే సరిపోతుంది. ఇచ్చేముందు నూరు గింజలను తడికాగితంలో చుట్టి, వారం పదిరోజులలో ఎన్ని మొలిచినవో లెక్కించాలి. తిరిగి వచ్చిన గింజలకు కూడ అదే పరీక్ష. ఎవరి గింజ నూటికి తొంభై మొలిచినది, ఎవరిది నలభై మాత్రమే మొలిచినది, నలభై మొలిచినవాడు గింజను ఎక్కడ దాచినాడు అన్న వాదన ఒక్కటి చాలు, ఆ రోజు గదిలో బల్లలు ఖాళీగా ఉండవు.

ఏ పంటను ఎన్నుకోవాలన్నది కొంచెం ఆలోచించవలసిన విషయం. జూన్ చివర విత్తిన కంది చేతికి వచ్చేసరికి డిసెంబరో జనవరియో అవుతుంది. పదవ తరగతివారు అప్పటికి పరీక్షల హడావిడిలో ఉంటారు, బదులు తీర్చే తీరిక ఉండదు. జొన్న పిట్టల పాలవుతుంది. బడిలో కావలి కాసేవారు లేరు. పెసర సుమారు 65 రోజుల పంట. వాన సకాలంలో పడితే సెప్టెంబరు మొదటివారానికి కాయ కోయవచ్చును. తీసికొన్న పిల్లలు అప్పటికి అదే తరగతిలో, అదే బల్ల మీద ఉంటారు. పెసరలో స్వయంపరాగం గనుక పక్క మడి నుండి కల్తీ భయం కూడ తక్కువ. కాయలు ఒక్కసారిగా పండవు. రెండు మూడు విడతలుగా కోయవలసి ఉంటుంది. ఏ విడత గింజ బాగా మొలుస్తుందో కూడ లెక్కించి చూడవచ్చును.